తెప్పలూరి తొలిముద్ద

నమోదు 1. వంటశాలలో: జొన్న

అంకెలు పంపితే చాలదట, మాటల్లో కూడా రాయాలట. ఎలర్జీ వైద్యసంఘాల కూటమి పెట్టిన కొత్త నియమం ఇది. అంకెలు అబద్ధమాడవు గానీ సగమే చెబుతాయని పోయిన సభలో ఎవరో అన్నారు. అందరూ తలలూపారు, పని నా నెత్తిన పడింది. ఎవరి భాషలో వాళ్ళు రాయవచ్చన్నారు కాబట్టి నా నోటి దురుసు కూడా ఇందులో ఉంటుంది. దాన్ని మిగతా భాషల్లోకి తిప్పేటప్పుడు యంత్రం పడే తిప్పలు దానివి.

నేను డాక్టర్ చోడిపల్లి నూకరత్నం. తెప్పలూరికి ఉన్న ఒక్క ఎలర్జీ వైద్యురాలిని. తూర్పుతీరపు సంఘం తరఫున కూటమిలో కూర్చునేదాన్నీ నేనే. పిల్లలకు సూది వేసేదీ నేనే, ఆ సూది కడిగేదీ నేనే.

పొద్దున ఓడ వచ్చి జొన్నలు దింపింది. పోయిన నెల ఎక్కడివో ఓట్స్ తిన్నాం. ఓడ తలుపు తీసేదాకా నెలంతా ఏం తింటామో మాకు తెలియదు. మా తాతల ఊరిని సముద్రం కొరుక్కు తిన్నాక తెప్పలు కట్టుకుని నీళ్ళమీదికి వచ్చినవాళ్ళం, ఇది కావాలి అది వద్దు అనే మాట నేలతోపాటే పోయింది. ఊరందరికీ ఒకటే వంటశాల. దాని గొట్టాల్లోంచి ఆవిరితోపాటు పిండి కూడా వచ్చి అందరి చాపల మీదా సన్నగా పడుతుంది. రోజూ ఊడుస్తాను, రోజూ ఉంటుంది.

ఇలాంటి ఊళ్ళో ఏదో ఒక గింజ ఒంటికి పడని బిడ్డ బతకడం కష్టం. అందుకే తొలిముద్ద పొడి. పన్నెండు దేశాల సంఘాలు తలా ఒక తిండిని పొడి చేసి పంపుతాయి. మా పెసర, నైలు తీరం వాళ్ళ నువ్వులు, బాల్టిక్ వాళ్ళ గోధుమ, ఇలా. అన్నీ కలిపి పొట్లాలు కట్టి అన్ని తీరాలకూ పంచుతారు. ఐదో నెల నుంచి బిడ్డ నాలుక మీద రోజూ చిటికెడు రాస్తే, పెద్దయ్యాక వాడి ఒళ్ళు ఏ గింజను చూసీ బెదరదు. ఖాళీ పొట్లాలు వారంవారం నాకు తెచ్చివ్వాలి. మా తల్లులు ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు. ఈ విషయంలో నాకు కొంచెం గర్వంగానే ఉంది.

రేపు ఊళ్ళో వేడుక. శుక్రమూఢం విడిచింది. ముహూర్తాల్లేక రెండు నెలలుగా ఆగిపోయిన అన్నప్రాశనలన్నీ ఒక్కసారే చేస్తున్నారు. మా తమ్ముడి కొడుకు లోవరాజుకు కూడా రేపే. పొడి ముందునుంచీ తింటూనే ఉన్నారు కదా, ఇంకా అన్నప్రాశన ఏమిటని మా అమ్మను అడిగాను.

"పొడి నీది, ముద్ద మాది. నీ పని నువ్వు సూస్కో" అంది.

మా అమ్మ సింహాచలమ్మ ఊళ్ళో పసివాళ్ళందరికీ నీళ్ళు పోస్తుంది. నన్ను డాక్టరమ్మ అని పిలిచేవాళ్ళకంటే సింహాచలమ్మ కూతురు అనేవాళ్ళే ఎక్కువ.

నమోదు 2. వంటశాలలో: జొన్న

అక్షరాలు వంకరగా ఉంటే యంత్రం సర్దుకోవాలి.

పెద్దతెప్ప మీద పాత తెరచాప కట్టి, దాని నీడలో పిల్లల్ని వరసగా కూర్చోబెట్టారు. పాయసంలో తొలిముద్ద పొడి కూడా కలిపారు. పండగ కాబట్టి చిటికెడు కాదు, చెంచాడు. నన్ను అడిగే కలిపారు. రెండు నెలలుగా రోజూ తింటున్న పిల్లలకు చెంచాడు ఏపాటిదని నేనే సరేనన్నాను.

లోవరాజుకు అమ్మ తన చేత్తో తినిపించింది. తరవాత వాడి ముందు పుస్తకం, కత్తి, గొలుసు, వల అల్లే నూలుకండె పెట్టారు. వాడు దేన్నీ చూడకుండా పాక్కుంటూ వెళ్ళి నూలుకండె పట్టుకున్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. మా తమ్ముడు పిండి ఓడ మీద వంతులో ఉన్నాడు గానీ, ఇక్కడుంటే గంతులేసేవాడు.

ఆ నవ్వు ఆగకముందే వాడు మూతి రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

"వదినా, బాబుని ఓసారి సూడు" అంది మా మరదలు నాగదుర్గ. గట్టిగా అంటే నిజమైపోతుందన్నట్టు మెల్లగా అంది.

పై పెదవి ఉబ్బింది. మెడ నుంచి పొట్టదాకా దద్దుర్లు లేచాయి. ఎత్తుకుంటే ఛాతీలో పిల్లికూతలు వినిపించాయి. తొడకు సూది వేశాను. వాడు ఏడవలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. కాసేపటికి పెద్దగా ఏడ్చాడు. వాణ్ణి నాగదుర్గ చేతికి ఇచ్చి సూదుల పెట్టె సర్దాను. తలెత్తేసరికి ఇంకో బిడ్డను తెస్తున్నారు, వెనకాల మరొకరిని.

మొత్తం ఐదుగురు. అందరూ బతికారు. పాయసం పళ్ళేలు ఎవరూ తియ్యలేదు, ఈగలు ముసురుతున్నాయి.

నమోదు 3. వంటశాలలో: జొన్న

ఐదుగురికీ వీపు మీద పన్నెండు పొడుల చుక్కలు వేసి గుచ్చి చూశాను. పదకొండు చుక్కలు మామూలుగానే ఉన్నాయి. నువ్వుల చుక్క దగ్గర మాత్రం ఐదు వీపుల మీదా బొబ్బ లేచింది. అనుమానానికి చోటే లేదు.

రెండు నెలలుగా నువ్వులు తింటున్న పిల్లలకు ఉన్నట్టుండి నువ్వులు ఎందుకు పడకుండా పోయాయి? తింటూ ఉంటే ఒళ్ళు అలవాటు పడాలి. ఇది దానికి పూర్తిగా తిరగబడింది. పాతికేళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నాను, ఇలా ఎక్కడా చూడలేదు.

సాయంత్రం నాగదుర్గ వచ్చింది. లోవరాజు దాని భుజం మీద నిద్రపోతున్నాడు.

"ఏరుకుంపటికి పంపుతారా?" అని అడిగింది.

మెట్టమీద, సముద్రం కంటికి కనబడనంత దూరంలో ఆ ఊరుంది. కాగితాల మీద ఇంకేదో పెద్ద పేరు, మేమంతా వేరుకుంపటి అంటాం. మా తిండి పడని పిల్లల్ని అక్కడ ఉంచి ఒకే గింజతో పెంచుతారు. తోడుగా ఒక్కరే ఉండవచ్చు, ఆ ఒక్కరూ బిడ్డ తిన్నదే తినాలి. పిండి మరకైనా లోపలికి రాకూడదని చుట్టాలను కంచె బయటే ఆపేస్తారు. వెళ్ళిన పిల్లలు బాగానే ఉంటారు. కాకపోతే మనవాళ్ళుగా ఉండరు.

"వచ్చే ఓడ దాకా గడువుంది" అన్నాను. "ఆలోగా మచ్చిక మొదలుపెట్టొచ్చు."

మచ్చిక అంటే పడని గింజనే నలకంత నుంచి మొదలుపెట్టి, మెల్లమెల్లగా పెంచుతూ తినిపించి ఒంటికి అలవాటు చెయ్యడం. అది కుదిరితే బిడ్డ మాతోనే ఉంటాడు. అయితే కారణం తెలియకుండా మచ్చిక మొదలుపెట్టడానికి కూటమి ఒప్పుకోదు. పొడిలోనే విషముంటే దానితోనే వైద్యం చెయ్యడం కుదరదు కదా.

"అలాగైతే కారణం కనుక్కో వదినా" అంది నాగదుర్గ. "నువ్వు కనుక్కోలేందేటుంది?"

నేను కనుక్కోలేనివి చాలా ఉన్నాయి.

నమోదు 4. వంటశాలలో: జొన్న

కూటమి అత్యవసర సభ జరిగింది. గోడ మీద నాతో కలిపి పన్నెండు మొహాలు. మధ్యలో యంత్రం ఎవరి మాటనైనా రేడియో వార్తల్లాంటి తెలుగులోకి దించుతుంది. నేను విసుక్కున్నా అది అవతలివాళ్ళకు మర్యాదగానే అందుతుందని నా అనుమానం. లేకపోతే నన్ను ఎప్పుడో వెళ్ళగొట్టేవాళ్ళు.

బాల్టిక్ సంఘం డాక్టర్ ఐనో అధ్యక్షురాలు. మంచి మనిషి, మంచు మనిషి.

"కొత్త విడత నువ్వుల పొడిని అన్ని తీరాల్లోనూ మూసిపెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. ఇది నింద కాదు, జాగ్రత్త" అంది.

నైలు తీరపు సంఘం డాక్టర్ ఆమ్నా మొహం గట్టిపడింది. నా వయసే ఉంటుంది. ఎప్పుడు చూసినా వెనకాల ఎవరో ఒక పిల్ల ఏడుస్తూ ఉంటుంది.

"ఆ విడతే మా పిల్లలు తింటున్నారు. నా మనవరాలు తింటున్నది. తమరి ఐదుగురికి తప్ప ప్రపంచంలో ఎవరికీ ఏమీ కాలేదు" అంది యంత్రం గొంతులో. తరవాత నావైపు తిరిగింది. "తమరి దగ్గర ఏమి జరిగినదో తమరు చూచినారా?"

ఒళ్ళు మండిపోయింది. మా ఊళ్ళో ఏమీ జరగలేదని, మావాళ్ళు ఒక్క పొట్లం కూడా తప్పలేదని, ఖాళీ పొట్లాలన్నీ నా దగ్గరే ఉన్నాయని గట్టిగా చెప్పాను. సగంమంది నా మాట నమ్మారు. అదే నా కొంప ముంచింది. నా మాట నమ్మితే తప్పు నువ్వులదవుతుంది. నువ్వులు మూసిపెడితే మచ్చికకు పొడి ఉండదు, లోవరాజు వెళ్ళిపోతాడు. గెలిచాననుకుని నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

ఓడ రావడానికి రెండు వారాల ముందు మరో సభ పెట్టారు. ఆ రోజుకి కారణం దొరక్కపోతే ఓటు.

నమోదు 5. వంటశాలలో: జొన్న, అడుగు బస్తాలు

ఇల్లిల్లూ తిరిగాను. తెప్పల మధ్య తాళ్ళ వంతెనల మీద ఊగుతూ నడవడం ఈ వయసులో మోకాళ్ళకు మంచిది కాదు.

పాస్టరు గారి తెప్పల వరసలో కరుణమ్మ ఇంటికి వెళ్ళాను. దాని కూతురూ ఆ విడత పొడే తింటోంది. బొద్దుగా, నున్నగా ఉంది పిల్ల. ఆ వరసలో పిల్లలెవరికీ ఏమీ కాలేదు.

"ఎప్పుడు మొదలెట్టావే పొడి?" అని అడిగాను.

"ఐదో నెల రాగానేనండి డాక్టరమ్మా. ప్రార్థన సేసుకుని నాలిక్కి రాసేసాం. మాకు మూఢాలేంటండీ?"

గుమ్మంలోనే ఆగిపోయాను. అక్కణ్ణించి నేరుగా నాగదుర్గ దగ్గరికి వెళ్ళాను.

"నిజం చెప్పు. లోవరాజుకు పొడి ఎప్పుడు మొదలుపెట్టావు?"

అది చాప అంచు పీకుతూ కూర్చుంది. "మూఢంలో తొలిముద్ద ఎలా పెడతాం వదినా? పిల్లోడికి అరిష్టం కదా."

"అంటే అసలు పెట్టలేదా?"

"ఏడుక రోజే పెట్టాం."

"మరి వారంవారం నాకిచ్చిన ఖాళీ పొట్లాలు?"

"ఇవ్వకపోతే నువ్వు తిడతావు కదా."

తిడతాను, నిజమే. ఊరంతా నా నోటికి భయపడి నాకు ఖాళీ పొట్లాలు తెచ్చిచ్చింది, నేను వాటిని చూసుకుని మురిసిపోయాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"పొడి ఏం చేశారు?"

"పారెయ్యలేదు. అంతే" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి ఆలోచించాను. రెండు నెలలు ఆలస్యమైతే కొందరికి పడకపోవచ్చు. కానీ ఐదుగురికీ ఒకే గింజ, ఇంత గట్టిగా? ఆలస్యం ఒక్కటే ఇంత పని చెయ్యదు. అహం చంపుకుని ఆమ్నాకు కబురు పంపాను, ఆ రోజు సభలో నేను చెప్పింది తప్పని, మావాళ్ళు పొడి తినిపించలేదని. తిడుతుందనుకున్నాను. ఒక్క ప్రశ్న అడిగింది.

"అయితే ఆ పొడి ఎక్కడికి పోయినది? తినని పొడికి కూడా ఒక చోటు ఉండవలెను కదా."

నమోదు 6. వంటశాలలో: నల్లగోధుమ, అరువు తెచ్చుకున్నది

పొద్దున్నే అమ్మ దగ్గరికి వెళ్ళాను. వెతకడానికి కాదు. మనసు బాగాలేనప్పుడు అమ్మ నీళ్ళు పోస్తుంటే చూడటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

తెప్ప చివర పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. రెండు కాళ్ళ మధ్య ఎవరో పసిపిల్ల, నాలుగు నెలలుంటాయి. ఉప్పుగాలికి మా పసివాళ్ళ చర్మం పొడిబారి పగులుతుంది. ఈ పిల్లకు మోచేతుల మడతల్లో, బుగ్గల మీద ఎర్రగా చిట్లింది. పక్కన పళ్ళెంలో నలుగు. శనగపిండి, పసుపు, కాస్త నూనె. అమ్మ బొడ్డు దోపులోంచి పొట్లం తీసింది, పంటితో చింపింది, నలుగులో కలిపింది. నువ్వుల వాసన వచ్చింది.

ఆ చేతులు ఆ పిల్ల చిట్లిన బుగ్గల మీద మెత్తగా, గుండ్రంగా తిరుగుతున్నాయి.

"అమ్మా, అదేంటి?"

"నలుగు. ఎప్పుడూ సూడనట్టు అడుగుతావేటి? నీకూ పెట్టేను, అందుకే ఈ ఈడుకీ నిగనిగలాడతన్నావు."

"ఆ పొట్లం ఏంటని."

"నీ పొడే, మిగిలిపోయిన పొట్లం. మూఢంలో నోట్లో పెట్టకూడదన్నారు గానీ ఒంటికి పెట్టకూడదని ఎవురన్నారు? దేశదేశాల డాట్టర్లు పంపిన మందు, పారేత్తే పాపం కదా. ఒంటికి పట్టింది కడుపుక్కూడా పడుద్ది. లోవగాడిక్కూడా రెండు నెలలూ నానే పెట్టేను, పూటా తప్పకుండా."

ఎంత గర్వంగా చెప్పిందో. పిల్లను లాక్కున్నాను. నీళ్ళు గుమ్మరించి కడిగాను. పిల్ల ఏడుస్తోంది, అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తోంది.

ఎలా చెప్పను? చివరికి ఇలా చెప్పాను. "అమ్మా, నోట్లోంచి లోపలికెళ్ళిన గింజ గుమ్మంలోంచి వచ్చిన చుట్టం. చిట్లిన చర్మంలోంచి వెళ్ళింది గోడ దూకి వచ్చిన దొంగ. ఒళ్ళు వాణ్ణి గుర్తుపెట్టుకుంటుంది. ఆ తరవాత వాడు గుమ్మంలోంచి వచ్చినా సరే, దొంగనే అరుస్తుంది. లోవరాజుకు జరిగింది అదే. పొడిలో మిగతావి నీళ్ళతో పోయాయి, నూనె గింజ కాబట్టి నువ్వులు చర్మానికి పట్టేశాయి."

అమ్మ నలుగంటిన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూస్తూ కూర్చుంది.

నమోదు 7. వంటశాలలో: నల్లగోధుమ

ఇవాళ ఏమీ రాయను. నిన్న రాసిందాన్ని కూడా ఇంకా పంపలేదు.

నమోదు 8. వంటశాలలో: నల్లగోధుమ, పలచన

ఎందుకు పంపలేదో రాస్తాను. పసివాళ్ళను తాకే పనిలో ఉన్నవాళ్ళందరికీ కూటమి అనుమతి ఉండాలి. బిడ్డకు హాని జరిగితే, తెలిసి చేసినా తెలియక చేసినా, ఆ అనుమతి పోతుంది. మళ్ళీ రాదు. మా అమ్మకు డెబ్బై దాటాయి. చదువు లేదు, వల అల్లడానికి చూపు ఆనదు. ఆమెకున్నదల్లా ఆ పీట, ఆ చెంబు, కాళ్ళ మీద ఒక బిడ్డ.

పేరు లేకుండా, ఎవరో చేశారని రాయవచ్చు కదా అనుకున్నాను. ఐనో ఒప్పుకోదు. ఎవరు, ఎలా, ఎన్నాళ్ళు అని అడుగుతుంది, అడగాలి కూడా. ఊరూ పేరూ లేని మాట మీద పన్నెండు దేశాల పిల్లల తిండి నిర్ణయించరు.

నాగదుర్గ వచ్చింది. ఈసారి మెల్లగా మాట్లాడలేదు.

"నీకు తెలిసిపోయింది. నాకూ తెలుసు, అత్తమ్మ సెప్పింది. అత్తమ్మ సేతికి పొట్లాలు ఇచ్చింది నేనే. ఇంకెందుకు ఊరుకున్నావు?"

"దుర్గా..."

"మీ అమ్మ పరువా, నా కొడుకా? అది సెప్పు వదినా. నాకింకేం వద్దు."

నేను నోరు తెరిచేలోపు తడిక అవతల నుంచి అమ్మ గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"రాయవే. నా పేరెట్టే రాయి."

"అమ్మా, నీకు తెలియదు. నిన్ను ఇంక పిల్లల్ని ముట్టుకోనివ్వరు."

"తెలుసు. దుర్గ సెప్పింది." లోపలికొచ్చి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. "ఆ దేశపు ఆయమ్మ పంపిన నువ్వులు సెడ్డవని ఊరంతా అంటన్నారు. ఆ నువ్వులు నా సేత్తో పట్టి సూసేనే. బంగారంలాంటివి. నాను సేసిన పనికి ఆయమ్మ ఎందుకు మాట పడాల?"

నాగదుర్గ గోడవైపు తిరిగి ఏడ్చింది. అమ్మ దాని దగ్గరికి వెళ్ళబోయి, సగంలో ఆగి, బయటికి వెళ్ళిపోయింది. నేను ఆరో నమోదు పంపించాను.

నమోదు 9. వంటశాలలో: నల్లగోధుమ, పలచన

సభ. ఐనో నా నమోదు అందరికీ చదివి వినిపించింది. పన్నెండు భాషల్లో మా అమ్మ నలుగు. అమ్మ నా పక్కనే కూర్చుంది, ఉతికిన చీర కట్టుకుని, చేతులు కొంగు కింద దాచుకుని.

చదవడం అయ్యాక ఆమ్నా మాట్లాడింది. నన్ను కాదు, అమ్మను చూస్తూ.

"మా దేశమున పెండ్లికూతురికి దిల్కా రుద్దుదురు. జొన్నపిండిలో సుగంధములు కలిపి చేయుదురు. నాకు మా అమ్మమ్మ రుద్దినది. ఆ చేతి వాసన నాకు ఇప్పటికీ తెలియును." వెనకాల ఏడుస్తున్న పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. "ఈ పొడి ఇంటికి వచ్చి, నోటికి వద్దన్న రోజున, మా అమ్మమ్మ కూడా ఇదే చేసియుండును."

ఇంకో తీరం వాళ్ళు, తమ దగ్గర పసివాళ్ళ చర్మానికి రాసే వెన్నలో తల్లులు ఈ పొడి కలుపుతున్నారేమో అడిగి చూస్తామన్నారు. మరొకరు అడగనక్కర్లేదు, కలుపుతున్నారు, మేమే పట్టించుకోలేదు అన్నారు. పన్నెండు దేశాల వైద్యులం ఏళ్ళ తరబడి కూర్చుని ఏ గింజ ఎంత, ఏ నెలలో, ఎన్ని పూటలు అని తగువులాడుకుని రాసుకున్నాం. నోట్లోనే పెట్టండి, ఒంటికి రాయకండి అన్న ఒక్క ముక్క ఎవరికీ తోచలేదు. ఇవాళ రాశాం. వద్దంటూ ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

నువ్వులు మూసిపెట్టరు. ఐదుగురికీ మచ్చిక మొదలుపెట్టడానికి అనుమతి ఇచ్చారు. తరవాత ఐనో కాగితం తీసి, సింహాచలమ్మ గారికి పసివాళ్ళను తాకే అనుమతి నేటితో రద్దయిందని చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె కళ్ళు కాగితం మీదే ఉన్నాయి.

"ఆయమ్మకి సెప్పు" అంది అమ్మ నాతో, ఆమ్నాను చూపించి. "తప్పు గింజది కాదని సెప్పు."

నేను చెప్పక్కర్లేకపోయింది. యంత్రం వినేసింది.

నమోదు 10. వంటశాలలో: చిరుధాన్యాల నూక, గోదాము అడుగున మిగిలింది

రోజూ పొద్దున ఐదుగురు తల్లులూ నా గదిలో వరసగా కూర్చుంటారు. నీళ్ళలో కలిపిన నువ్వుల పొడి, చుక్కతో మొదలు. నలుగురు పిల్లలు మెట్టు తరవాత మెట్టు ఎక్కుతున్నారు. ఒకడికి మూతి చుట్టూ కాస్త ఎరుపు వచ్చి పోయింది. ఇంకొకత్తె చెంచా పట్టుకుని ఇంకా కావాలని గోల చేస్తుంది. ఊళ్ళో తల్లులు ఇప్పుడు నలుగు పళ్ళేలు బోర్లించి పెట్టారు. అమ్మ ఎదురుపడితే కొందరు పలకరిస్తారు, కొందరు పిల్లను భుజం మార్చుకుంటారు. అమ్మ రెండు రకాలవాళ్ళకీ తలూపుతుంది.

లోవరాజు మొదటి మెట్టు ఎక్కాడు. రెండోది ఎక్కాడు. మూడో మెట్టు మీద వాంతి చేసుకుని, మొహం పాలిపోయి, నా చేతుల్లో వాలిపోయాడు. సూది వేశాను, మళ్ళీ వేశాను. తేరుకున్నాడు. నాలుగు రోజులు ఆపి, మెట్టు దిగి, సగం చుక్కతో మళ్ళీ మొదలుపెట్టాను. అప్పుడూ అంతే అయింది. వాడికి నలుగు అందరికంటే ఎక్కువ పట్టింది. సొంత మనవడు కదా, అమ్మ ఒక్క పూట కూడా తప్పలేదు.

ఆమ్నాతో మాట్లాడాను, ఐనోతో మాట్లాడాను. ఇద్దరూ తమకు తెలిసిందంతా చెప్పారు. ఐనో తన దగ్గరి పిల్లల వివరాలన్నీ తిరగేసి చూసింది. ముగ్గురమూ చివరికి ఒకే మాటకు వచ్చాం. ఇప్పుడు ఆపాలి. రెండేళ్ళు నిండాక మళ్ళీ ప్రయత్నించవచ్చు. అప్పటిదాకా పిండి పడే చోట ఉంచకూడదు.

నాగదుర్గకు నేనే చెప్పాను. అది ఏడవలేదు, నన్ను తిట్టలేదు. "పాలు తాగే పిల్లోడు, తోడు నేనే వెళ్తాను" అని మాత్రం అంది. పిల్లవాడి గుడ్డలు ఉతకడానికి వెళ్ళింది. పిండి ఒక్క నలుసు కూడా లేకుండా మూడుసార్లు ఉతికింది.

వాడు బతికే ఉన్నాడని, బతుకుతాడని నాకు నేను చెప్పుకుంటున్నాను. అయినా గుండె కోసేస్తున్నట్టే ఉంది.

నమోదు 11. ఓడ వచ్చింది. వంటశాలలో ఏమిటో ఇంకా చూడలేదు

కూటమి వారికి. ఇవాళ నియమం తప్పింది. ఎలా తప్పిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఓడ తిరిగి వెళ్ళేటప్పుడు నాగదుర్గనూ లోవరాజునూ తీసుకెళ్ళాలి. మా తమ్ముడు కూడా ఆ ఓడ మీదే వచ్చాడు. కొడుకును ఎత్తుకుని రేవు కొస దాకా వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. ప్రయాణానికి ముందు బిడ్డకు ఒంటి మీద పిండి లేకుండా నీళ్ళు పొయ్యాలి. అది నా పని. నేను నీళ్ళు కాచి సిద్ధంగా ఉంచాను.

నాగదుర్గ వాణ్ణి నా చేతికి ఇవ్వలేదు. నన్ను దాటుకుని తెప్ప చివరికి నడిచింది. అక్కడ అమ్మ ఖాళీ పీట మీద కూర్చుని సముద్రం చూస్తోంది.

"అత్తమ్మా" అంది. "బాబుకి నీళ్ళు పొయ్యండి."

అమ్మ నావైపు చూసింది. "నాను ముట్టుకోకూడదే" అంది.

"ఆ ఊళ్ళో ఈడికి ఎవురు పోత్తారు అత్తమ్మా? నాకు సేత కాదు. ఎలా పొయ్యాలో సూపించండి, సూసి నేర్సుకుంటాను."

అమ్మ కాళ్ళు చాపింది. నాగదుర్గ వాణ్ణి ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి, పక్కనే గొంతుక్కూర్చుంది. అమ్మ ముందు తన చేతులు మోచేతుల దాకా కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది. అరచెయ్యి వాడి నుదుటికి అడ్డం పెట్టి కళ్ళలో పడకుండా నీళ్ళు పోసింది. వాడు ఆ చేతిని గుర్తుపట్టి కాళ్ళు తపతపా కొట్టుకుంటూ నవ్వాడు. సగం నీళ్ళు అయ్యాక అమ్మ కుడిచెయ్యి అలవాటు కొద్దీ పక్కకు వెళ్ళింది, నలుగు పళ్ళెం కోసం. అక్కడ పళ్ళెం లేదు. ఆ చెయ్యి కాసేపు చెక్క మీదే ఉండిపోయింది. నాగదుర్గ దాన్ని పట్టుకుని చెంబు దగ్గరికి తీసుకెళ్ళింది.

మిగతా నీళ్ళు ఇద్దరూ కలిసి పోశారు.

నేను ఆపలేదు. ఆపవలసినదాన్ని నేనే, దగ్గరే నిలబడి ఉన్నాను. శిక్ష ఏదైనా నాకు వెయ్యండి, ఆమెకు కాదు. ఓడ కదిలేదాకా అమ్మ ఆ పీట మీదే కూర్చుంది, తడి చేతులు తుడుచుకోలేదు.